తాళాలిస్తే సరిపోదు: చిన్న ట్రక్కును గోశాలకో ఆశ్రమానికో ఇచ్చేటప్పుడు

పాల వ్యాపారం మానేసినవాళ్లు, టమోటా లోడ్లు తోలడం ఆపేసినవాళ్లు వేపచెట్టు కింద నిలబెట్టిన టాటా ఏస్‌ను చూసి, "అమ్మితే ఏమొస్తుందిలే, ఏ గోశాలకో ఇచ్చేస్తే పుణ్యమన్నా దక్కుతుంది" అనుకోవడం తిరుపతి, చిత్తూరు పక్క మామూలే. ఆలోచన మంచిదే. కాకపోతే బండి ఇవ్వడం బియ్యం మూట ఇచ్చినట్టు కాదు. బియ్యం వండుకుంటారు, అయిపోతుంది. బండి ప్రతి ఏడాదీ ఇన్సూరెన్స్ అడుగుతుంది, గడువు తీరినప్పుడల్లా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అడుగుతుంది, రోజూ డ్రైవరును అడుగుతుంది. ఆర్‌సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, పేరు మారేదాకా దాని పాపపుణ్యాలన్నీ ఇచ్చినవాళ్ల ఖాతాలోనే పడతాయి.

కాబట్టి ముందు చూడాల్సింది కాగితాలు కాదు, తీసుకునేవాళ్ల స్తోమత. సరుకు రవాణా బండికి, మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే, థర్డ్ పార్టీ (బండి వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి చేయించే) ఇన్సూరెన్స్ ప్రీమియం ఏడాదికి 16,049 రూపాయలని 2022 జూన్‌లో నిర్ణయించారు. దాని మీద జీఎస్టీ అదనం. అంటే చుక్క డీజిల్ కాలకముందే ఆశ్రమం మీద నెలకు 1,300 పైచిలుకు పడిందన్నమాట. నెలకు 600 కిలోమీటర్లు తిరిగి, లోడుతో లీటరుకు 15 ఇచ్చే బండి 40 లీటర్లు తాగుతుంది. టైర్లు, బ్యాటరీ, డ్రైవరు జీతం వేరే. ఈ లెక్కను కమిటీ ముందు పెట్టి, "మీరు నడపగలరా?" అని నేరుగా అడగండి. మొహమాటానికి "ఇవ్వండి సార్" అన్న చోట ఆరు నెలలు తిరక్కుండానే బండి ప్రహరీ గోడ పక్కన చేరుతుంది, దాని నీడలో కోళ్లు పడుకుంటాయి. ఒట్టిపోయిన ఆవును గోదానం ఇచ్చినట్టే.

నడపలేరని తేలితే బండి అమ్మి డబ్బు ఇవ్వడమే మేలు. పన్ను లెక్క కూడా ఆ దారికే అనుకూలం, దాని సంగతి చివర్లో.

బండిని దేనికి వాడతారో కూడా అడగాలి. గోశాలలో పచ్చగడ్డి తెచ్చుకోవడానికి, పేడ తోలడానికి, దాణా మూటలకు ఇలాంటి బండి ప్రాణం పెట్టినట్టు పనికొస్తుంది. అన్నదానం చేసేవాళ్లకు గుండిగలు, కూరగాయలు మోయడానికీ అంతే. వృద్ధాశ్రమం, అనాథ పిల్లల హాస్టల్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. అక్కడ అవసరం మనుషులను తిరుపతిలో రుయా ఆస్పత్రికో స్విమ్స్ ఆస్పత్రికో తీసుకెళ్లడం. వెనక తొట్టిలో చాప పరిచి ముసలివాళ్లను కూర్చోబెట్టారంటే అది చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా రాదు. సరుకు బండిలో సరుకు యజమానికో అతని తరఫు మనిషికో తప్ప, ఊరికే ఎక్కిన ప్రయాణికులకు పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అలాంటి చోటికి ట్రక్కు కాదు, వ్యాను కావాలి. మీ దగ్గర ట్రక్కే ఉంటే దాన్ని మరో చోటికి ఇవ్వండి.

డ్రైవరు విషయంలో కొంత ఊరట ఉంది. 7,500 కిలోల లోపు బండిని తోలడానికి మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్స్ చాలు, వేరే ట్రాన్స్‌పోర్ట్ బ్యాడ్జీ అక్కర్లేదని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. ఆశ్రమంలో కారు తోలే మనిషి ఉంటే ఏస్ కూడా తోలొచ్చు. పర్మిట్ సంగతీ అంతే. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్‌లోనే ఉంది. పాత ఏస్ మొత్తం బరువు 1,550 కిలోలే, దానికి చింత లేదు. బొలెరో పికప్ లాంటి పెద్ద బండ్లలో మోడల్‌ను బట్టి 3,000 దాటేవి ఉంటాయి, ఆర్‌సీలో జీవీడబ్ల్యూ (లోడుతో కలిపి మొత్తం బరువు) అన్న చోట చూసుకోండి.

సంస్థ కాగితాల్లో చూడాల్సింది ఒక్కటే, అది కాగితం మీద సంస్థేనా లేక ఒక మనిషేనా. బోర్డు మీద ట్రస్టు అని ఉంటుంది, అడిగితే పాన్ కార్డు ఆశ్రమం నడిపే స్వామీజీ సొంత పేరు మీద ఉంటుంది. ట్రస్టు డీడ్ గానీ సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గానీ, సంస్థ పేరు మీద పాన్, చిరునామా రుజువు, "ఫలానా నంబరు బండిని దానంగా స్వీకరిస్తున్నాం, సంతకాలకు ఫలానా వారికి అధికారం ఇస్తున్నాం" అన్న కమిటీ తీర్మానం నకలు, ఈ నాలుగూ చేతికొచ్చాకే ముందుకు కదలండి. ఆర్‌సీ సంస్థ పేరు మీదికే మారాలి. కార్యదర్శి పేరు మీద పెట్టి "తర్వాత మార్చుకుంటాం" అంటే ఒప్పుకోవద్దు. ఆయన కాలం చేస్తే బండి ఆయన వారసులది అవుతుంది, ఆశ్రమానిది కాదు.

తిరుమల తిరుపతి దేవస్థానానికే ఇవ్వాలని చాలామంది మనసులో ఉంటుంది. శ్రీవారి ఆలయం ముందు పూజ చేసి తాళాలు అధికారులకు అందించే ఫొటోలు పేపర్లో చూస్తుంటాం, అవి దాదాపు అన్నీ కొత్త బండ్లు. పాత బండి చేతిలో ఉన్నవాళ్లకు అక్కడ సులువైన దారి, దాన్ని అమ్మి గోసంరక్షణ ట్రస్టుకో అన్నప్రసాదం ట్రస్టుకో డబ్బు రూపంలో ఇవ్వడం. కొత్త బండి ఇచ్చేవాళ్లయినా సరే, ముందు తిరుపతి పరిపాలనా భవనానికి ఉత్తరం రాసి, ఏ మోడల్ కావాలో వాళ్ల నుంచి తెలుసుకున్నాకే బుక్ చేయాలి.

ఇక పేరు మార్పిడి. గొడవలన్నీ పుట్టేది ఇక్కడే.

చట్టం 50వ సెక్షన్ ప్రకారం, బండి అదే రాష్ట్రంలో ఉంటే, ఇచ్చినవాళ్లు 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి, తీసుకున్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. తెలిపేది ఫారం 29, రెండు ప్రతులు. దరఖాస్తు ఫారం 30. అమ్మకమైనా దానమైనా ఫారాలు ఇవే. దానపత్రం విడిగా రాసుకోవడం మంచిదే, స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి. కదిలే ఆస్తి కాబట్టి అప్పగించడంతోనే దానం చెల్లుతుంది. కానీ ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు) దృష్టిలో యజమాని అంటే ఆర్‌సీలో పేరున్నవాడే, దానపత్రంలో పేరున్నవాడు కాదు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. బండి చేతులు మారి మారి ఎక్కడికో పోయినా, ప్రమాద పరిహారం ఆర్‌సీలో మిగిలిపోయిన మొదటి యజమాని నెత్తినే పడింది.

అందుకే ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇవ్వకూడదు. "సంతకాలు చేసివ్వండన్నా, మిగతాది మేం చూసుకుంటాం" అని అడుగుతారు, నమ్మకస్తులే అడుగుతారు. ఏడాది తర్వాత ఆశ్రమానికి డబ్బు అవసరమై అవే ఓపెన్ ఫారాలతో బ్రోకరుకు అమ్ముతారు. బ్రోకరు ఇంకొకరికి అమ్ముతాడు. ఆ బండి రాత్రిపూట ఎక్కడ ఏ దుంగలు మోస్తూ దొరికినా పోలీసులు ముందుగా వచ్చేది మీ ఇంటికే. ఎర్రచందనం నడిచే శేషాచలం పక్కన ఉంటూ ఈ మాట మరీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఫారంలో తీసుకునే సంస్థ పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం. పెట్టే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

దరఖాస్తు పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టే ముందు దారిలో రాళ్లు ఏరుకోవాలి. ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ, పొల్యూషన్ సర్టిఫికెట్, పన్ను, ఏది గడువు దాటినా అప్లికేషన్ అక్కడే ఆగుతుంది. బండి నంబరు మీద ఉన్న ఈ-చలాన్లన్నీ కట్టేయాలి. నాలుగేళ్ల కిందటి సీటు బెల్టు చలాన్ ఒక్కటి చాలు పని ఆపడానికి. పాత ట్రాన్స్‌పోర్ట్ బండ్లకు గ్రీన్ టాక్స్ కూడా ఉంటుంది, చూసుకోండి. అన్నిటికంటే ఎక్కువమంది బోల్తా పడేది హైపోథికేషన్ దగ్గర, అంటే అప్పిచ్చిన కంపెనీ పేరు ఆర్‌సీలో ఉండిపోయిన చోట. వాయిదాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, ఫైనాన్స్ వాళ్లిచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) బీరువాలో పెళ్లి పత్రికల కింద ఉంటుంది, ఆర్‌సీలో మాత్రం కంపెనీ పేరు అలాగే ఉంటుంది. ఎన్ఓసీతో పాటు ఫైనాన్స్ వాళ్లు సంతకం చేసిన ఫారం 35 రెండు ప్రతులు పెట్టి ముందు ఆ పేరు తీయించాలి. ఎన్ఓసీ మరీ పాతదైతే కొత్త తేదీతో మళ్లీ తెమ్మంటారు, కంపెనీ శాఖ మూసేసి ఉంటే ఒక నెల దానికే పోతుంది.

నాన్న పేరు మీదున్న బండిని ఆయన సంవత్సరీకానికి దానం చేద్దామనుకునే ఇళ్లు ఎక్కువ. చనిపోయిన మనిషి పేరు నుంచి నేరుగా ట్రస్టుకు మారదు. మరణించిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి, 3 నెలల్లో ఫారం 31తో వారసుల్లో ఒకరి పేరు మీదికి మార్చుకోవాలి. మరణ ధ్రువీకరణ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్ కావాలి. ఆ తర్వాతే 29, 30. అంటే సంవత్సరీకం రోజున తాళాలు ఇవ్వాలంటే పని కనీసం రెండు మూడు నెలల ముందు మొదలవ్వాలి.

చిత్తూరు వాళ్లకు ఇంకో మెలిక ఉంది. అవతల వేలూరు, ఇవతల కోలారు. తమిళనాడులోని ఆశ్రమానికి ఇవ్వాలంటే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28లో ఎన్ఓసీ తీయాలి, అక్కడ పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. ఇచ్చినవాళ్లు తెలపడానికి గడువు అప్పుడు 45 రోజులు. పాత బండికి ఆ పన్ను, తిరుగుడు కలిపితే బండి విలువలో మంచి ముక్క పోతుంది. సరిహద్దు దాటించకపోవడమే ఉత్తమం.

చిన్న విషయమే గానీ చాలామంది మరిచేది ఫాస్టాగ్. అద్దానికి అంటించిన ఆ స్టిక్కరు మీ బ్యాంకు ఖాతాకో వాలెట్‌కో ముడిపడి ఉంటుంది. ఆశ్రమం బండి గాదంకి టోల్ దాటిన ప్రతిసారీ మీ ఫోను టింగుమంటుంది. స్టిక్కరు చింపేస్తే సరిపోదు, ఇచ్చిన బ్యాంకుకు చెప్పి ఖాతా మూయించాలి. ఆర్‌సీకి ముడిపడ్డ మొబైల్ నంబరు కూడా సంస్థది పెట్టించండి, లేకపోతే వాళ్ల చలాన్ల మెసేజీలు మీకే వస్తాయి.

ఇన్సూరెన్స్ కూడా ఆర్‌సీతో పాటే దానంతటది మారిపోతుందనుకుంటారు. థర్డ్ పార్టీ భాగం వరకు మారినట్టే లెక్క. సొంత బండికి జరిగే నష్టం భాగం మాత్రం కంపెనీకి తెలిపి పేరు మార్పించుకుంటేనే పనికొస్తుంది, తీసుకున్నవాళ్లు 14 రోజుల్లో అడగాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దక్కే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, మీది, బండిది కాదు. దాన్ని కంపెనీ నుంచి ఉత్తరం రూపంలో తీసి ఉంచుకుంటే మూడేళ్లలోపు కొనే అదే తరహా బండికి వాడుకోవచ్చు.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. తమిళులు కుట్టి యానై అని, హిందీ వాళ్లు ఛోటా హాథీ అని పిలుచుకునే ఈ ఏస్ 2005లో వచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్ డీజిల్. మోసే బరువు సుమారు 750 కిలోలు, అంటే 25 కిలోల టమోటా క్రేట్లు 30. మన పక్క 50 క్రేట్లు ఎక్కించి మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ తోలిన బండ్లే ఎక్కువ. ఆ తిప్పలు ముందుగా కనబడేది హెడ్ గ్యాస్కెట్‌లో, అంటే ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలులో. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్కెట్ పోయినట్టే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉన్నా అదే రోగం. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసమని కొడుతుంటే రింగులు అరిగాయి. నీలం పొగకూ అదే కారణం. నల్ల పొగ మాత్రం చాలాసార్లు ఎయిర్ ఫిల్టరుతోనో ఇంజెక్టరు సర్వీసుతోనో పోతుంది, దానికి బెదరక్కర్లేదు. ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉంది. ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చి ఇవ్వండి. అది దారిలో తెగితే వాల్వులు వంగుతాయి, బెల్టుతో పోయేది హెడ్డు పని దాకా పోతుంది.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడమంటే కింగ్ పిన్ బుష్‌లు గానీ బేరింగులు గానీ అయిపోయాయి. ఆ ఆటతోనే తోలితే టైరు ఒక పక్క అరిగిపోతుంది. వెనక కమాన్ కట్టల్లో అదనపు పట్టీ వేయించి ఉంటే తీసుకునేవాళ్లకు చెప్పండి. ఖాళీగానో పాల క్యాన్లతోనో తిరిగే బండికి ఆ గట్టిదనం మంచిది కాదు, గుంతలో పడితే మూతలు ఎగిరిపోతాయి. పక్క తలుపుల మీద ఎత్తుగా వెల్డింగ్ చేయించిన కమ్ములుంటే ఎఫ్‌సీలో తిప్పి పంపుతారు, ముందే కోయించండి.

అన్నిటికంటే మోసం చేసేది తొట్టి కింద తుప్పు. పైన రబ్బరు షీటో చెక్కో పరిచి ఉంటుంది, కొత్త పెయింటు మెరుస్తుంటుంది. టమోటా రసం, ఒలికిన పాలు, ఇకముందు గోమూత్రం, ఇవన్నీ షీటు కిందికి దిగి నిలబడతాయి. షీటు ఎత్తి, తొట్టిని ఛాసిస్‌కు బిగించిన బోల్టుల చుట్టూ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. టంగ్ మంటే ఇనుము, పొడి రాలితే తుప్పు. రేకుకు కొత్త రేకు వేయించొచ్చు, ఛాసిస్ అడ్డ కమ్మి తిన్నదైతే ఆ బండి దానానికి పనికిరాదు. ఛాసిస్ నంబరు చెక్కిన చోటును కిరోసిన్ గుడ్డతో తుడిచి చూడండి, ఆర్‌సీతో అంకె అంకె సరిపోవాలి. ఇసుక కాగితంతో రుద్దకండి, అంకెలు అరిగితే పెద్ద తలనొప్పి.

చాలాకాలం కదలని బండికి వేరే జబ్బులు. బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, స్టార్ట్ చేశాక 14 దగ్గర చూపాలి. ట్యాంకు ఎండిపోయి ఉంటే డీజిల్ పోయగానే స్టార్ట్ కాదు, లైనులో గాలి తీయాలి. సెల్ఫ్ కొట్టి కొట్టి మోటారు కాల్చుకోవద్దు. వెనక డ్రమ్ములు విప్పించి లైనర్లు, వీల్ సిలిండర్ చూపించండి. టైరు గాడిలో ఉండే చిన్న గట్టు 1.6 మిల్లీమీటర్ల గుర్తు, రబ్బరు దాని మట్టానికి వస్తే ఎఫ్‌సీ రాదు. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు.

ఎఫ్‌సీ ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. పదిహేనేళ్లు దాటిన బండికి ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి. పద్నాలుగో ఏట ఉన్న బండిని దానం చేయడమంటే ఆ ఫీజును దానం చేయడమే. అలాంటిది, లేదా ఛాసిస్ తిన్నది, రిజిస్టరయిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. బండి తుక్కుకు అప్పగించినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ దాచండి, తుక్కు డబ్బు ఆశ్రమానికి ఇవ్వండి. ఐటీఐ పిల్లలు విప్పి నేర్చుకోవడానికి ఇంజిన్ ఇవ్వాలన్నా ముందు ఆర్‌సీ రద్దు చేయించాలి.

పన్ను మాట. అమెరికాలో పాత కారు దానమిస్తే ఆదాయపు పన్ను తగ్గుతుందని విని ఇక్కడా అలాగే అనుకుంటారు. ఇక్కడ దానాలకిచ్చే పన్ను మినహాయింపు (1961 ఆదాయపు పన్ను చట్టంలో 80జి) డబ్బు రూపంలో ఇచ్చినదానికే, వస్తువుకు రాదు. లక్షన్నర విలువ చేసే బండి ఇచ్చి ట్రస్టు రసీదులో లక్షన్నర అని రాయించుకున్నా పైసా తగ్గదు. బండి అమ్మి చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇస్తే, సంస్థకు 80జి గుర్తింపు ఉంటే, వాళ్ల నుంచి దానం సర్టిఫికెట్ (1961 చట్టం కింద ఫారం 10బీఈ) తీసుకోవచ్చు. నగదైతే 2,000 దాటినది లెక్కకు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. బండిని జీఎస్టీ రిజిస్ట్రేషన్ కింద కొని ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నవాళ్లు (కొన్నప్పటి జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకున్నవాళ్లు) ఇంకా జాగ్రత్త, ఉచితంగా ఇచ్చినా అది సరఫరా కిందే లెక్కేసి జీఎస్టీ కట్టమంటారు. సరుకు బండ్ల యజమానులకు లెక్కల పుస్తకాలు లేకుండా ఆదాయం చూపే వీలిచ్చే నిబంధన (1961 చట్టంలో 44ఏఈ) కింద బండికి నెలకు 7,500 రూపాయల చొప్పున ఆదాయం చూపేవాళ్లకు నెలలో ఒక్క రోజు బండి చేతిలో ఉన్నా ఆ నెల మొత్తం లెక్కే, కాబట్టి నెలాఖరులో ఇచ్చేయండి, ఒకటో తారీఖు దాకా లాగకండి.

ఇచ్చే రోజు టైర్ల కింద నిమ్మకాయలు, అద్దానికి పసుపు కుంకుమ, అన్నీ పెట్టుకోండి. వాటితో పాటు ఒక తెల్ల కాగితం మీద బండి నంబరు, ఛాసిస్ నంబరు, మీటరు రీడింగు, తేదీ, గంట రాసి, తీసుకునేవాళ్ల చేత సంస్థ ముద్రతో సంతకం చేయించండి. గంట ఎందుకంటే ఆ సాయంత్రమే ప్రమాదం జరిగితే బండి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న వస్తుంది. స్టెప్నీ, జాకీ, రెండో తాళం, కొత్తగా కట్టిన ఏడాది ఇన్సూరెన్స్ రసీదు, చేతనైతే ఒక ట్యాంకు డీజిల్ ఇవ్వండి. మూడు వారాలు ఆగి పరివాహన్‌లో బండి నంబరు కొట్టి చూడండి. యజమాని పేరు దగ్గర చుక్కల మధ్య కనబడే అక్షరాలు ఇంకా మీవే అయితే, ఆశ్రమానికి ఫోన్ చేసి మర్నాడు పొద్దునే ఆర్టీఏ ఆఫీసు దగ్గర కలుద్దామని చెప్పండి.